అల్లిక పట్టుకుంటే బిడ్డను మరిచిపోయినట్టా?

ఈ ఉత్తరం రాసిన పాఠకురాలికి 29 ఏళ్లు. ఇప్పుడు 19వ వారం గర్భవతి. కిందటేడు మొదటిసారి నెల తప్పినప్పుడు తొమ్మిదో వారంలో గర్భం నిలవలేదు. గుండె చప్పుడు లేదన్న సంగతి స్కాన్ గదిలో బల్ల మీద పడుకుని ఉండగానే తెలిసింది. ఈసారి పరీక్షలో రెండు గీతలు కనిపించిన రోజు ఇంట్లో అందరూ సంబరపడుతుంటే, తాను బాత్రూం తలుపు వేసుకుని ఏడ్చానని రాశారు. అప్పటి నుంచి బట్టల మీద రక్తపు మరక ఉందేమోనని రోజంతా చూసుకుంటూనే ఉన్నారు. నడుము కాస్త లాగితే చాలు, గుండె దడ మొదలవుతుంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఫోనులో ఏదో ఒకటి వెతుక్కుంటూ తెల్లవారేదాకా కూర్చుంటున్నారు.

ఆమెకు కాస్త ఊరట ఇస్తున్నవి రెండే. ఒకటి క్రోషియా అల్లిక, పెద్ద దుప్పటి ఒకటి మొదలుపెట్టారు. రెండోది ఇదివరకు చూసిన హాస్య సినిమాలనే మళ్లీ మళ్లీ చూడటం. "అల్లిక పట్టుకుంటే రెండు గంటలు ఏమీ గుర్తుండదు. సూది పక్కన పెట్టగానే, ఇంతసేపూ బిడ్డ సంగతే మరిచిపోయానని గుర్తొస్తుంది. ఇలాంటి తల్లి ఎక్కడైనా ఉంటుందా?" అని అడిగారు. అత్తగారేమో, "ఎప్పుడు చూసినా ఆ దారాలేనా? కడుపులో బిడ్డ మీద ధ్యాస పెట్టు. నువ్వు భయపడితే ఆ భయం బిడ్డకూ తగులుతుంది" అంటున్నారట. భర్త కోప్పడరు గానీ, "అసలు విషయం తప్పించుకుంటున్నావేమో" అన్నారట. అక్కకు 16వ వారంలోనే బిడ్డ కదలిక తెలిసిందని, తనకింకా తెలియలేదని, ఇంట్లోనే గుండె చప్పుడు వినే పరికరం కొనుక్కుందామనుకుంటున్నానని కూడా రాశారు. ఉత్తరం చివర్లో మరో రెండు ముక్కలు ఉన్నాయి. ఐదో నెల స్కాన్ తేదీని రెండుసార్లు వాయిదా వేసుకున్నారు. ఎలా ఉన్నారని డాక్టరు అడిగితే "బాగానే ఉన్నాను" అని చెప్పి వచ్చేశారు.

అమ్మా,

మీరు సూటిగా అడిగారు కాబట్టి ముందు దానికే జవాబు. రెండు గంటలు బిడ్డ సంగతి మరిచిపోయే తల్లులు ఉంటారు, చాలామంది ఉంటారు. ఆఫీసులో లెక్కలు చూసే గర్భిణి ఆ పనిలో పడి మరిచిపోతుంది. పాఠం చెప్పే టీచరు తరగతి గోలలో మరిచిపోతుంది. వాళ్లను ఎవరూ తప్పుపట్టరు, వాళ్లూ తమను తాము నిందించుకోరు. మీరు మరిచిపోయిన ఆ రెండు గంటల్లోనూ మాయ, అంటే కడుపులో బిడ్డకు ఆహారం అందించే ప్లాసెంటా, తన పని తాను చేస్తూనే ఉంది. బిడ్డకు అందాల్సినవి అందుతూనే ఉన్నాయి. మీరు కాపలా కాస్తే సాగి, ఏమరితే ఆగిపోయే పని కాదది. ఒకసారి గర్భం పోయిన మనిషికి ఈ మాట నమ్మబుద్ధి కాదని తెలుసు. అప్పుడు నేను జాగ్రత్తగా లేనేమో, అందుకే అలా జరిగిందేమో అన్న అనుమానం లోపల ఎక్కడో ఉంటుంది. మీరు ఆ మాట రాయలేదు. కానీ బట్టలు అన్నిసార్లు చూసుకోవడం వెనక అదే ఉందని నాకు అనిపిస్తోంది.

ఆ అనుమానం గురించి వైద్యశాస్త్రం చెప్పేది ఇది. నిర్ధారణ అయిన గర్భాల్లో 10 నుంచి 20 శాతం దాకా నిలవవు. వాటిలో అత్యధికం మొదటి 12 వారాల్లోనే పోతాయి. అలా తొలి వారాల్లో పోయినవాటిలో దాదాపు సగానికి కారణం పిండంలో క్రోమోజోముల సంఖ్యలో తేడా రావడం. ఆ తేడా చాలావరకు అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడో, అవి కలిసిన తొలి రోజుల్లోనో వస్తుంది. మీరు మెట్లెక్కినందువల్లో, ఏడ్చినందువల్లో, బిడ్డ గురించి తక్కువ ఆలోచించినందువల్లో వచ్చేది కాదు. ఒక్కసారి గర్భం పోయినవారిలో ఎక్కువమందికి ఆ తర్వాతి గర్భం చక్కగా నిలుస్తుంది. మీరు ఆ 12 వారాలు దాటి చాలా దూరం వచ్చారు.

అత్తగారి మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాచను. నెలల తరబడి తీవ్రంగా సాగే ఆందోళనకూ, నెలలు నిండకుండానే కాన్పు కావడానికీ సంబంధం కనిపించిందని అధ్యయనాలు చెబుతున్నాయి. అందుకే అలాంటి ఆందోళనను వైద్యం చేయాల్సిన విషయంగా చూస్తారు. అంతేగానీ ఒక పూట గుండె దడదడలాడినంత మాత్రాన, ఒక రాత్రి నిద్ర పట్టనంత మాత్రాన బిడ్డకు ఏదో అయిపోదు. "భయపడితే బిడ్డకు మంచిది కాదు" అని పదేపదే వింటే మిగిలేది భయపడుతున్నానే అన్న మరో భయం. అయినా ఆవిడ మాటే ప్రమాణం అనుకుందాం. భయం తగ్గడం బిడ్డకు మంచిదైతే, భయాన్ని రెండు గంటలు ఆపగలుగుతున్న అల్లిక చెడ్డదెలా అవుతుంది?

అది మీకెందుకు పనిచేస్తోందో చూడండి. క్రోషియాలో ప్రతి వరసలోనూ లెక్క ఉంటుంది. ఎన్ని అల్లికలయ్యాయి, ఎక్కడ మలుపు తిప్పాలి, ఎక్కడ ఒకటి పెంచాలి అన్నది గుర్తుంచుకోవాలి. లెక్క తప్పితే వరసంతా విప్పాలి. చెయ్యి, కన్ను, లెక్క మూడూ ఒక్క చోటే ఉంటాయి. మీ భయం మాటల రూపంలో కంటే దృశ్యాల రూపంలో ఎక్కువగా వస్తోంది. కిందటేటి స్కాన్ గది, తెర మీద కదలని ఆ బొమ్మ, డాక్టరు ముఖం, ఇవన్నీ మీ ఉత్తరంలో ఉన్నాయి. కంటికీ చేతికీ ఒకేసారి పని చెప్పే వ్యాపకం అలాంటి దృశ్యాలకు చోటు తగ్గిస్తుంది. 2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కొందరికి కలవరపెట్టే చిత్రం చూపించి, కాసేపయ్యాక వాళ్లలో సగం మంది చేత టెట్రిస్ ఆడించారు. పైనుంచి పడే ముక్కలను తిప్పి పేర్చే వీడియో ఆట అది. ఆడినవారికి ఆ తర్వాతి వారం రోజుల్లో ఆ దృశ్యాలు కళ్ల ముందు మెదలడం మిగతావారికంటే తగ్గింది. ఆ ప్రయోగం గర్భిణుల మీద చేసింది కాదు. అయినా, ఊరికే కూర్చుని "ఆలోచించకూడదు, ఆలోచించకూడదు" అనుకోవడం కంటే చేతికి పని చెప్పడం ఎందుకు మేలో దాన్నిబట్టి తెలుస్తుంది.

చూసిన సినిమాలు ఇచ్చే ఊరట వేరు. ఎవరు వస్తారో, ఏమంటారో, చివరికి ఏమవుతుందో మీకు ముందే తెలుసు. ఇప్పుడు మీ రోజుల్లో ముగింపు తెలిసిన విషయం ఒక్కటీ లేదు. ముగింపు తెలిసిన రెండు గంటల కోసం మనసు వెంపర్లాడటంలో వింతేముంది? కాకపోతే సినిమాకు మనసులో సగం చాలు. మిగతా సగం భయం దగ్గరికి వెళ్లి రాగలదు. కాబట్టి భయం ఉధృతంగా ఉన్నప్పుడు అల్లిక పట్టుకోండి, అలసిపోయినప్పుడు సినిమా పెట్టుకోండి. అర్ధరాత్రి మెలకువకు రెండూ అంత మంచివి కావు. దీపం వేసుకుని లేచి కూర్చోవాలి, ఉన్న కాస్త నిద్రా ఎగిరిపోతుంది. తెలిసిన కథ ఏదైనా తక్కువ శబ్దంతో వినడమో, పక్కకు తిరిగి పడుకుని లోపలికి పీల్చిన దానికంటే నిదానంగా ఊపిరి వదలడమో చేసి చూడండి.

ఇక మీవారి మాట. మనసు మళ్లించుకోవడం వేరు, తప్పించుకోవడం వేరు. ఆయన రెండింటినీ ఒకటే అనుకున్నారు గానీ పూర్తిగా పొరబడలేదు. అల్లిక వల్ల వెనక్కి పోయిన పని ఏదైనా ఉందా అని చూస్తే తేడా తెలిసిపోతుంది. రెండు పరీక్షల మధ్య నాలుగు వారాల ఎదురుచూపు ఉందనుకోండి. ఆ రోజుల్లో మీరు చేయగలిగింది తినడం, పడుకోవడం, డాక్టరు చెప్పిన మందులు వేసుకోవడం, అంతే. మిగిలిన సమయాన్ని అల్లికతో నింపుకుంటే నష్టమేమీ లేదు. కానీ స్కాన్ మీరు చేయగలిగిన పని. ఆ తేదీని రెండుసార్లు జరిపి, ఆ రోజు దుప్పటి అల్లుకుంటూ కూర్చున్నారు. ఉత్తరం మొత్తంలో నాకు దిగులు కలిగించింది ఇదొక్కటే.

ఈ స్కాన్‌ను సాధారణంగా 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. బిడ్డ గుండె, మెదడు, వెన్నెముక, మూత్రపిండాలు, కాళ్లూ చేతులూ, మాయ ఎక్కడ అతుక్కుని ఉంది, ఉమ్మనీరు ఎంత ఉంది, ఇవన్నీ చూస్తారు. మీ ముందున్న దారులు చెబుతాను. ఈ వారమే తేదీ తీసుకుని వెళ్లవచ్చు. వెళ్లేదాకా కొన్ని రోజులు నరకంలాగే ఉంటుంది, కానీ ఆ భయానికి ఒక గడువు ఉంటుంది. అంత పెద్ద పరీక్షకు ఇప్పుడే గుండె చాలకపోతే, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి గుండె చప్పుడు వినిపించమని అడిగి, ఆ ధైర్యంతో వారంలో స్కాన్‌కు వెళ్లవచ్చు. మీ పరిస్థితిలో నాకు నచ్చిన దారి ఇదే. ఇంకా జరుపుతూ పోవచ్చు. 22 వారాల దగ్గరకు చేరేకొద్దీ, ఏదైనా తేడా కనిపిస్తే మరో పరీక్ష చేయించుకోవడానికీ, ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడానికీ వ్యవధి తగ్గిపోతుంది. అసలు చేయించుకోకుండా ఉండే హక్కు కూడా మీకుంది. అప్పుడు మాయ కిందికి ఉండటం, గుండెలో లోపం వంటివి ముందే తెలిసి కాన్పుకు తగిన ఏర్పాట్లు చేసుకునే అవకాశం పోతుంది. ఏ దారి పట్టినా డాక్టరుకు చెప్పి పట్టండి. తేదీ కోసం ఫోను చేయడం మీవల్ల కాకపోతే ఆ ఒక్క ఫోను మీవారిని చేయమనండి. అల్లిక సంచి కూడా వెంట తీసుకెళ్లండి. పిలుపు వచ్చేదాకా ఆ గది బయట కూర్చునే సమయం కంటే దానికి తగిన సమయం ఉండదు.

గదిలోకి వెళ్లగానే, పడుకోకముందే స్కాన్ చేసేవారికి చెప్పండి: "కిందటిసారి ఇలాంటి గదిలోనే గర్భం పోయిందని తెలిసింది. ముందు గుండె చప్పుడు ఉందో లేదో చెప్పి తర్వాత మిగతావి చూడండి." ఇది అడగదగిన మాటే. తెర మీకు కనిపించాలో వద్దో కూడా మీరే చెప్పండి. ఇంకో సంగతి ముందే తెలుసుకుని వెళ్లండి. ఆ తర్వాత వాళ్లు చాలాసేపు మాట్లాడకపోవచ్చు. తల చుట్టుకొలత, తొడ ఎముక పొడవు వంటి కొలతలు ఒక్కొక్కటీ తీసుకోవాలి. బిడ్డ అటు తిరిగి ఉంటే మిమ్మల్ని పక్కకు తిప్పుతారు, లేచి కాసేపు నడిచి రమ్మంటారు. ఆ మౌనమంతా పని వల్ల వచ్చిన మౌనం. అది తెలియకపోతే మీరు వాళ్ల ముఖంలో లేని వార్తలు చదువుతారు.

ఇంట్లో గుండె చప్పుడు వినే పరికరం గురించి కూడా అడిగారు. కొనవద్దనే నా సలహా. కొంటే ఏమవుతుందో చెబుతాను, మీరే నిర్ణయించుకోండి. శిక్షణ లేనివారికి అందులో మీ నాడి చప్పుడో, మాయలో రక్తం పారే చప్పుడో బిడ్డ గుండెలాగే వినిపించవచ్చు. అప్పుడు లేని ధీమా వస్తుంది, ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజున ఇంట్లో ఆగిపోతారు. లేదా బిడ్డ పక్కకు జరిగి అసలు వినిపించదు, మీరు ఆ రాత్రంతా కూలబడిపోతారు. కదలిక విషయానికి వస్తే, అది 16 నుంచి 24 వారాల మధ్య ఎప్పుడైనా తెలియవచ్చు. తొలి కాన్పు కాబోయేవారిలో చాలామందికి 20 వారాలు దాటాకే తెలుస్తుంది. మాయ గర్భాశయం ముందు గోడకు ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు. మీ అక్క శరీరాన్నిబట్టి మీ శరీరానికి తేదీ వేయకండి. 24 వారాలు వచ్చినా ఏమీ తెలియకపోతే డాక్టరుకు చెప్పాలి. కదలికలు అలవాటైన తర్వాత ఏ రోజైనా తగ్గినట్టు అనిపిస్తే, రేపు చూద్దామనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి ఫోను చేయాలి.

అలాగే రక్తస్రావం, నీరు కారడం, తగ్గని కడుపునొప్పి, జ్వరం, చూపు మసకబారుతూ తీవ్రమైన తలనొప్పి, ముఖం, చేతులు హఠాత్తుగా ఉబ్బడం, వీటిలో ఏది వచ్చినా అల్లిక, సినిమా పక్కన పెట్టి వెంటనే వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఇవి మనసు మళ్లించుకోవాల్సిన విషయాలు కావు.

మీరు అల్లిక గురించి తప్పు చేస్తున్నట్టు రాశారు గానీ, అర్ధరాత్రి ఫోను గురించి ఆ మాట అనలేదు. నా లెక్కలో అది తిరగబడాలి. ఫోనులో వెతకడం బిడ్డ కోసం ఏదో చేస్తున్నట్టు అనిపిస్తుంది. ఒక జవాబు దొరికితే పది నిమిషాలు ఊపిరి పీల్చుకుంటారు, ఆ జవాబులోనే ఇంకో రోగం పేరు ఉంటుంది, మళ్లీ మొదలు. ఫోనును పక్క గదిలో పెట్టి పడుకోవచ్చు. మొదటి కొన్ని రాత్రులు భయం పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. అంత కష్టమనిపిస్తే మంచం పక్కన చిన్న పుస్తకం పెట్టుకుని, వచ్చిన ప్రశ్నను రాసి మూసేయండి. మరుసటి సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు ఆ ప్రశ్నలకే కేటాయించి, డాక్టరును అడగాల్సినవి వేరుచేయండి. రాత్రి రెండింటికి కొండంతగా కనిపించినవాటిలో కొన్ని సాయంత్రానికి అడగాలని కూడా అనిపించవు.

డాక్టరుకు "బాగానే ఉన్నాను" అని చెప్పి వచ్చేశారు. ఈసారి అలా చేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భిణుల్లో దాదాపు 10 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో, ముఖ్యంగా కుంగుబాటుతో బాధపడుతున్నారు. డాక్టర్లకు ఇది కొత్త కాదు, వినడానికి వాళ్లు మొహమాటపడరు. ఆందోళనను అంచనా వేయడానికి ఏడు ప్రశ్నల పట్టిక ఒకటి, కుంగుబాటుకు పది ప్రశ్నల పట్టిక ఒకటి వాడుకలో ఉన్నాయి. అయిదారు నిమిషాల పని. రెండు వారాలుగా రోజులో ఎక్కువ భాగం భయంతోనే గడుస్తున్నా, నిద్ర, తిండి దెబ్బతిన్నా, పరీక్షలు వాయిదా వేస్తున్నా చికిత్స గురించి మాట్లాడాల్సిందే. మీ ఉత్తరాన్నిబట్టి చూస్తే మీరు ఆ గీత దగ్గరే ఉన్నారు. బహుశా దాటారు కూడా. గుండె దడకు థైరాయిడ్, రక్తహీనత కూడా కారణం కావచ్చు, ఆ పరీక్షలు అడగండి. కాఫీ, టీలు ఎక్కువగా తాగుతుంటే తగ్గించండి. గర్భిణులకు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ మించవద్దంటారు, అది దడను పెంచుతుంది కూడా.

చికిత్స అంటే అందరికీ మందులే అని కాదు. ఆలోచనల తీరునూ, పదేపదే తనిఖీ చేసుకునే అలవాటునూ మార్చే కౌన్సెలింగ్‌తోనే చాలామంది కుదుటపడతారు. దానికి కొన్ని వారాలు, మీ వైపు నుంచి సాధన కావాలి. భయం తీవ్రంగా ఉంటే గర్భిణులకు ఇవ్వదగిన మందులు ఉన్నాయి. వాటి వల్ల కలిగే మేలునూ, ఉండగల ఇబ్బందినీ, మందు లేకుండా భయం అలాగే సాగితే వచ్చే నష్టాన్నీ పక్కపక్కన పెట్టి డాక్టరు చెబుతారు. ఇప్పటికే ఏదైనా మందు వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. చనిపోవాలనో, మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలనో ఎప్పుడైనా అనిపిస్తే తేదీ కోసం ఆగకండి. పక్కనున్న వాళ్లతో వెంటనే చెప్పి అదే గంటలో ఆసుపత్రికి వెళ్లండి.

అత్తగారితో వాదించి గెలవాల్సిన పని లేదు. "ఇది పట్టుకుంటే నాకు దడ తగ్గుతోందండీ, డాక్టరుతో కూడా మాట్లాడుతున్నాను" అని ఒక్కమాట చెప్పి చూడండి. అర్థం చేసుకుంటే మంచిదే. లేకపోతే ఆ మాట మీవారు చెప్పాలి, ఆయన తల్లికి ఆయన చెబితేనే ఎక్కుతుంది. ఆయనకు మాత్రం మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కిందటేడు పోయింది ఆయన బిడ్డ కూడా. "తప్పించుకుంటున్నావేమో" అన్న ఆయన మాట వెనక, మీరిద్దరూ ఆ విషయం ఒక్కసారైనా కూర్చుని మాట్లాడుకోలేదన్న వెలితి ఉందేమో అడగండి.

స్కాన్ బాగుందని తెలిస్తే భయం ఆ రోజుతో పోతుందని లెక్క వేసుకోకండి. కొన్నాళ్లు తేలికగా ఉండి, తర్వాతి పరీక్ష దగ్గరపడేసరికి మళ్లీ రావచ్చు. అప్పటికి కౌన్సెలింగ్ మొదలై ఉంటే తట్టుకోవడం సులువవుతుంది. ఒకవేళ ఏదైనా అనుమానం ఉందని చెబితే మూడు విషయాలు అడిగి రాయించుకోండి. ఇది ఖాయమా, మరో పరీక్షతో తేల్చాలా? ఆ పరీక్ష ఎప్పటిలోగా జరగాలి? దీని గురించి మేం ఎవరితో మాట్లాడాలి? చాలా సందర్భాల్లో నిర్ణయం ఆ గదిలోనే చెప్పనక్కర్లేదు. ఎన్ని రోజుల గడువు ఉందో అడిగి తెలుసుకుని ఇంటికి రండి.